చావుకు మూడు లెక్కలు

కొలువులో ఉన్న జవాను చనిపోతే అతని భార్యకు వచ్చే నెల పింఛనుకు మన దేశంలో మూడు లెక్కలున్నాయి. శత్రువు తూటాకు పోతే ఆఖరున తీసుకున్న జీతం ఎంతో అంతా వస్తుంది. దాన్ని లిబరలైజ్డ్ ఫ్యామిలీ పెన్షన్ అంటారు. డ్యూటీ మీద పోతుండగా లారీ లోయలో పడో, శిక్షణలో ప్రమాదం జరిగో పోతే ఆ జీతంలో 60 శాతం. అది స్పెషల్. సెలవులో ఇంటికొచ్చి కామెర్లతోనో గుండెపోటుతోనో పోతే, ఆ జబ్బుకూ సేవకూ సంబంధం లేదని రాస్తే, 30 శాతం. మొదటి పదేళ్లు మాత్రం 50. అది ఆర్డినరీ.

నేను సైన్యంలో గుమాస్తాను. తుపాకి పట్టడం నేర్చుకున్నాను గానీ నా కొలువంతా కాగితాల మధ్యే గడిచింది. రికార్డు ఆఫీసులో జవాన్ల ఇంటివాళ్ల పేర్లుండే కిండ్రెడ్ రోల్‌లు రాశాను, పార్ట్ టూ ఆర్డర్లు టైపు చేశాను, పోయినవాళ్ల ఫైళ్లు కట్టాను. నాయబ్ సుబేదారుగా దిగిపోయి శ్రీకాకుళం పక్కన మా ఊరికి వచ్చాక కూడా ఆ పని నన్ను వదల్లేదు. చుట్టుపక్కల ఊళ్ల నుంచి మాజీ సైనికులు, వాళ్లు పోతే వాళ్ల భార్యలు, ప్లాస్టిక్ సంచిలో కాగితాలు పెట్టుకుని మా అరుగు మీదికి వస్తారు. డిశ్చార్జి బుక్కు, పింఛను ఉత్తర్వు (పీపీఓ), ఆధారు, బ్యాంకు పాసుబుక్కు. మూడు లెక్కల ఆడవాళ్లూ వస్తారు. ముగ్గురికీ బియ్యం ధర ఒకటే, పిల్లల ఫీజు ఒకటే. పోయిన తీరు ఒక్కటే వేరు. ఈ మూడు లెక్కలు ఎప్పుడు, ఎవరి చేతుల్లో పుట్టాయో తెలుసుకోవాలని చాలాకాలంగా చదువుతూ వచ్చాను. చదివినకొద్దీ నాకు ఒకే సంగతి గట్టిపడింది. ఈస్టిండియా కంపెనీ కాలం నుంచి ఈ రోజుదాకా ఖజానా ముందు చావును కొలిచింది, ఆ తరువాతే మిగిలిన ఇంటివైపు చూసింది.

కథ కంపెనీ సేనాని క్లైవుతో మొదలవుతుంది. 1756లో మద్రాసు నుంచి ఓడల్లో అతని వెంట బెంగాల్‌కు వెళ్లిన సిపాయిల్లో మన తెలుగువాళ్లు ఉన్నారు. ఎంతమంది ఉన్నారంటే, ఆ తరువాత చాలాకాలం ఉత్తరాదిలో కంపెనీ సిపాయి ఏ ఊరివాడైనా జనం అతన్ని తెలంగా అనే పిలిచారు. 1757లో ప్లాసీ మైదానంలో క్లైవు దగ్గర ఉన్న సుమారు 3,000 మందిలో 2,100 మంది సిపాయిలే. ఆ గెలుపుతో గద్దెనెక్కిన మీర్ జాఫర్ 1765లో చనిపోతూ క్లైవు పేర 5 లక్షల రూపాయలు రాసిపోయాడు. క్లైవు ఆ సొమ్మును సొంతానికి తీసుకోకుండా కంపెనీ చేతికి ఇచ్చి, 1770లో ఒక నిధి ఏర్పాటు చేయించాడు. గాయపడి, జబ్బుపడి కొలువుకు పనికిరాకుండా పోయినవాళ్లకూ, చనిపోయినవాళ్ల భార్యలకూ అందులోంచి పింఛను. లార్డ్ క్లైవ్ ఫండ్ అని దానికి పేరు. మంచి పనే. కానీ అది తెల్ల అధికారులకు, తెల్ల సోల్జర్లకు, వాళ్ల వితంతువులకు. ప్లాసీలో మూడింట రెండు వంతుల బలంగా నిలబడ్డ సిపాయి పెళ్లాం పేరు అందులో లేదు.

ఆ నిధికి చివరకు ఏమైందో కూడా చెప్పాలి. 1858లో కంపెనీ పాలన పోయి రాణి పాలన వచ్చింది. కంపెనీకి సైన్యమే లేకుండా పోయింది గనుక అసలు సొమ్ము మాకు తిరిగి రావాలని క్లైవు వారసులు దావా వేశారు. 1863లో లండన్ హౌస్ ఆఫ్ లార్డ్స్ వాళ్లకే అనుకూలంగా తీర్పు ఇచ్చింది. ముర్షిదాబాద్ నవాబు ఖజానా సొమ్ము దాదాపు వందేళ్లు తెల్ల వితంతువులను పోషించి, ఆ తరువాత క్లైవు వారసుల ఇంటికి చేరింది. ఈ సంగతి చదివిన రోజున నాకు రాత్రి నిద్ర పట్టలేదు.

అయితే సిపాయికి ఏమీ ఇవ్వలేదా? ఇచ్చారు, వేరే దారిన. బెంగాల్ వైపు 1780ల నుంచి పనికిరాని సిపాయిలకు భాగల్పూర్ చుట్టుపక్కల అడవి నేలలు ఇచ్చి స్థిరపరిచారు. కొట్టుకుని సాగుచేసుకుంటే వాడికి బతుకు, కంపెనీకి కొత్త శిస్తు. మన మద్రాసు సైన్యంలో పద్ధతి ఇంకొకటి. ఇక్కడి సిపాయి ఒంటరివాడు కాడు. పటాలం ఎక్కడికి కదిలితే అక్కడికి పెళ్లాం పిల్లలు, ముసలి తల్లి బళ్ల మీద వెంట నడిచేవాళ్లు. లైన్లలోనే కాపురాలు, లైన్లలోనే పురుళ్లు. ఇంత సంసారం వెంట ఉన్నప్పుడు మగవాడు పోతే దాన్ని నడిరోడ్డున వదిలేస్తే మర్నాడు మిగతా సిపాయిలెవరూ మాట వినరని కంపెనీకి తెలుసు. అందుకని చనిపోయిన సిపాయి కొడుకును పటాలం లెక్కలో రాసుకుని, చిన్న జీతం ఇచ్చి, పెద్దవాడయ్యాక సిపాయిని చేసేవాళ్లు. రిక్రూట్ బాయ్స్ అనీ పెన్షన్ బాయ్స్ అనీ రెండు రకాలుగా ఆ పిల్లలు మస్టర్ రోలులో కనిపిస్తారు. ఆ కుర్రాడి జీతంతో తల్లి బతకాలి. వితంతువు హక్కును కొడుకు భుజం మీద పెట్టారన్నమాట. కూతుళ్లు మాత్రమే ఉన్న ఇల్లు సంగతేమిటని నాలాంటి గుమాస్తాకు వెంటనే తోస్తుంది.

సముద్రం దాటవలసి వచ్చినప్పుడే లెక్కలు ఇంకా ముదిరాయి. ఈ విషయంలో మా ఉత్తరాంధ్రకు ఒక పాత గాయం ఉంది. 1780లో హైదర్ అలీ మద్రాసు మీదికి వచ్చినప్పుడు సర్కారు జిల్లాల పటాలాల నుంచి కొందరిని ఓడల్లో దక్షిణానికి పంపాలనుకున్నారు. ఆ అక్టోబరులో విశాఖపట్నంలో సిపాయిలు ఓడ ఎక్కబోమని తిరగబడ్డారు. తెల్ల అధికారులు కొందరు చచ్చిపోయారు. చరిత్ర పుస్తకాలు దీన్ని తిరుగుబాటుగానే రాసి వదిలేస్తాయి. వెనక ఇంటిని ఎవరు చూస్తారో తేలకుండా ఓడ ఎక్కమంటే ఏ మనిషైనా ఏం చేస్తాడని నేను అడుగుతాను. తరువాతి దశాబ్దాల్లో కంపెనీయే ఆ పాఠం నేర్చుకుంది. పరదేశం వెళ్లే మద్రాసు సిపాయి తన జీతంలో కొంత ఇంటివాళ్లకు కట్టమని రాసి ఇవ్వవచ్చు. ఆ చీటీని ఫ్యామిలీ సర్టిఫికెట్ అనేవాళ్లు. ఇంట్లో ఎవరెవరున్నారు, ఎవరి చేతికి డబ్బు ఇవ్వాలి అన్నది కాగితం మీద ఎక్కింది. నేను కొలువులో రాసిన కిండ్రెడ్ రోల్‌కు తాతముత్తాత అదే. పోరులో పోయినా, సముద్రం అవతల సేవలో పోయినా వారసులకు పింఛను అన్న మాట కూడా అప్పటిదే. సొంత గడ్డ మీద కలరాతో పోయినవాడి భార్యకు ఆ మాట వర్తించదు. మూడు లెక్కలకు పునాది ఇక్కడ పడింది.

1824లో బర్మా యుద్ధం వచ్చింది. బరాక్‌పూర్‌లో బెంగాల్ పటాలం ప్రయాణానికి నిరాకరించి ఫిరంగులకు బలైంది. మద్రాసు పటాలాలు మాత్రం ఓడలెక్కి రంగూన్ చేరాయి. రెండేళ్ల ఆ యుద్ధంలో కంపెనీ పంపిన సుమారు 40,000 మందిలో 15,000 మంది దాకా చనిపోయారు. వాళ్లలో ఎక్కువమందిని చంపింది బర్మావాళ్ల కత్తి కాదు, జ్వరం, రక్తవిరేచనాలు. ఈ అంకె దగ్గర నేను ఆగిపోతాను. యుద్ధం అంటే తూటా అని రాసుకున్న నిబంధనకు, యుద్ధం అంటే జ్వరం అని ఈ అంకె జవాబు చెబుతోంది. సముద్రం దాటారు గనుక ఆ ఇళ్లకు హక్కు దొరికింది. అదే జ్వరం గంజాం అడవుల్లో పట్టుకుంటే?

ఇదే కాలంలో విశాఖపట్నంలో కంపెనీ వయసు మళ్లిన తెల్ల సైనికుల కోసం వెటరన్ పటాలం ఒకటి నడిపింది. పెద్దగా కవాతు లేదు, సముద్రగాలి, నెలనెలా డబ్బు. మా జిల్లాల్లో సిపాయి పింఛనుదార్లూ ఉండేవాళ్లు. డబ్బు తీసుకునే రోజున గంటలకొద్దీ నడిచి పట్నం వచ్చేవాళ్లు.

19వ శతాబ్దం చివరికి తెలుగువాళ్లకు ఆ దారీ మూసుకుపోయింది. 1881 నుంచి 1885 దాకా మద్రాసు సైన్యానికి అధిపతిగా ఉన్న ఫ్రెడరిక్ రాబర్ట్స్‌కు దక్షిణాదివాళ్లు యుద్ధానికి పనికిరారన్న అభిప్రాయం గట్టిగా ఉండేది. తరువాత అతనే మొత్తం భారత సైన్యానికి అధిపతి అయ్యాడు. వీరజాతులు అనే పేరుతో నియామకాలు పంజాబ్ వైపు జరిగిపోయాయి. కొలువు ఎక్కడికి పోతే పింఛను అక్కడికి పోతుంది. పంజాబ్‌లో కొత్త కాలువల కింద మాజీ సైనికులకు భూములు, మొదటి ప్రపంచ యుద్ధం తరువాత జంగీ ఇనాములు, ఊరూరా పింఛను సొమ్ముతో కట్టిన ఇటుక ఇళ్లు. మన వైపు సిపాయితనం తాతల కథగా మిగిలింది. మొదటి యుద్ధంలో మళ్లీ పిలిచారు. యుద్ధం అయ్యాక పొదుపు అన్నారు. 1928లో థర్డ్ మద్రాస్ రెజిమెంట్‌ను కూడా రద్దుచేశారు. ఆ మధ్యలో జరిగిన మేలు ఒకటుంది. 1919లో ఇండియన్ సోల్జర్స్ బోర్డు ఏర్పడింది. దాని కింద జిల్లా బోర్డులు వచ్చాయి. 1975 నుంచి కేంద్రీయ సైనిక్ బోర్డు అంటున్నది దాన్నే. మా ఊళ్లో ముసలివాళ్లు ఇప్పటికీ ‘సోల్జర్ బోర్డు’ అనే అంటారు.

రెండో ప్రపంచ యుద్ధం నాటికి రంగు మారింది. మనుషులు కావాలి, లక్షల్లో కావాలి. మద్రాసు రాజధాని పంజాబ్ తరువాతి స్థానంలో నిలిచేంతగా కుర్రాళ్లను పంపింది. పశ్చిమ గోదావరిలో తాడేపల్లిగూడెం దగ్గర మాధవరం ఊరికి మిలిటరీ మాధవరం అని పేరు స్థిరపడింది ఇలాంటి తరాల వల్లే. ఇంటికొకరు, కొన్ని ఇళ్ల నుంచి వరుసగా నాలుగు తరాలు. ఆ ఊరివాళ్లతో మాట్లాడితే పటాలాల పేర్లు చుట్టాల పేర్లలా చెబుతారు. అక్కడ యుద్ధస్తూపం ముందు నిలబడి పేర్లు చదివినప్పుడు నాకు గర్వమూ కలిగింది, వెంటనే గుమాస్తా బుద్ధి కొద్దీ ప్రశ్నా వచ్చింది. వీళ్లలో ఎంతమంది ఇళ్లకు పింఛను వచ్చింది?

ఎందుకంటే 1945 నాటికి భారత సైన్యంలో సుమారు 25 లక్షల మంది ఉన్నారు. యుద్ధం అయిపోగానే వాళ్లలో అత్యధికుల్ని ఇళ్లకు పంపేశారు. జవానుకు పింఛను రావాలంటే 15 ఏళ్ల సేవ ఉండాలి. 1941లోనో 42లోనో చేరి 46లో దిగిపోయినవాడికి నాలుగైదేళ్లే. చేతికి కొంత గ్రాట్యుటీ, ఒక ఖాకీ కోటు, మెడల్ ఇచ్చారు. అస్సాం, బర్మా, ఈజిప్టు, ఇటలీ తిరిగి వచ్చినవాడు మళ్లీ కూలికి పోయాడు. సైన్యం తన కోసం వాణ్ణి పిలిచింది, తన కోసమే పంపించింది. తక్కువ సేవ వాడి తప్పు కాదు. సింగపూర్‌లో 1942 ఫిబ్రవరిలో చెరపడి, అక్కడి నుంచి ఆజాద్ హింద్ ఫౌజ్‌లో చేరినవాళ్ల పరిస్థితి ఇంకా కష్టం. చాలామందికి కొలువూ పోయింది, బకాయి జీతమూ పోయింది. 1972లో స్వాతంత్ర్య సమరయోధుల పింఛను వచ్చాక గానీ వాళ్లకు ఒక దారి దొరకలేదు.

మా చిన్నతనంలో మా వీధిలో అలాంటి ముసలాయన ఒకాయన ఉండేవాడు. రెండో యుద్ధం మనిషి, లారీ తోలేవాడట. పింఛను లేదు. ఆయన పోయాక, చాలా ఏళ్లకు, పింఛను రాని రెండో యుద్ధ సైనికులకూ వాళ్ల వితంతువులకూ రాష్ట్ర ప్రభుత్వం నెలనెలా ఇచ్చే సాయం గురించి ఆయన భార్యకు ఎవరో చెప్పారు. నేను సెలవులో ఉన్నాను. “మీ ఆయన డిశ్చార్జి కాగితం ఉందా అప్పా?” అని అడిగాను. “ఆ కాగితాలేటో నాకేటి తెలుసు బాబూ, పెట్టి చెదలు తినీసింది” అంది. మెడల్ అంచు మీద ఆయన నంబరు చెక్కి ఉంది. ఆ నంబరుతో రికార్డు ఆఫీసుకు రాసి, జవాబు తెప్పించి, సైనిక్ బోర్డులో పెట్టించాం. చిన్న మొత్తమే వచ్చింది. దాన్ని తీసుకోవడానికి ఆవిడ ప్రతి నెలా ఉతికిన చీర కట్టుకుని వెళ్లేది. మెడల్‌ను అమ్మకుండా ఉంచిన ఇళ్లన్నిటికీ నేను అప్పటి నుంచీ ఇదే చెబుతున్నాను. అంచు చూడండి, నంబరు ఉంటుంది.

స్వాతంత్ర్యం తరువాత ఏం మారింది? వెంటనే పెద్దగా మారలేదు. 1949 నుంచి డిసెంబరు 7న జెండా రోజు జరుపుతున్నాం, చందాలు పోగుచేస్తున్నాం. 1961లో సైనిక పింఛను నిబంధనలు కొత్తగా అచ్చయ్యాయి. కానీ పింఛను తీసుకుంటున్న మాజీ సైనికుడు ఇంట్లో మామూలుగా కన్నుమూస్తే ఆ పింఛను ఆయనతోనే పోయేది. దాన్ని మార్చింది 1964 జనవరి 1. ఆ రోజు నుంచి సాధారణ కుటుంబ పింఛను అమల్లోకి వచ్చింది. నా దృష్టిలో సైనికుల ఇళ్ల చరిత్రలో యుద్ధాల తేదీలకంటే పెద్ద తేదీ అది. తూటా తగలకపోయినా, సముద్రం దాటకపోయినా, భార్య భార్యేనని ఖజానా మొదటిసారి ఒప్పుకుంది. ఒప్పుకుంటూనే ఒక గీత గీసింది. ఆ తేదీకి ముందు సంగతులు మాకు పట్టవంది. ప్రభుత్వోద్యోగుల వితంతువులు ఆ గీత చెరపడానికి సుప్రీంకోర్టుదాకా వెళ్లవలసి వచ్చింది. 1985లో పూనమాళ్ కేసుతో అది చెరిగింది.

1971 యుద్ధం రెండో మలుపు. ఆ డిసెంబరులో రెండు వారాల్లో వేలమంది పోయారు. దేశం గెలిచిన ఉత్సాహంలో ఉంది. 1972 ఫిబ్రవరిలో యుద్ధంలో మరణించినవారి కుటుంబాలకు ఉదారమైన పింఛను ఉత్తర్వు వెలువడింది. ఈ రోజు ఆఖరి జీతం మొత్తాన్ని ఇచ్చే లెక్క దాని నుంచి ఎదిగిందే. ఆ ఉత్తర్వు లేకపోతే కార్గిల్ ఇళ్ల గతి ఏమయ్యేదో. దాన్ని నేను తక్కువ చేసి మాట్లాడను. నా బాధల్లా, ఆ ఉదారత యుద్ధభూమి గట్టు దగ్గరే ఆగిపోయింది. 1996 నుంచి 100, 60, 30 అన్న నిష్పత్తి స్థిరపడ్డాక మధ్యలో ఉన్న అంతరం నెలనెలా కళ్లకు కనపడుతూనే ఉంది.

ఇంక మళ్లీ పెళ్లి సంగతి. ఇది చాలామందికి తెలియదు. యుద్ధంలో భర్తను పోగొట్టుకున్న పడుచు అమ్మాయి మళ్లీ పెళ్లి చేసుకుంటే పింఛను తగ్గేది, లేదా ఆగేది. చనిపోయిన భర్త సొంత సోదరుణ్ణి చేసుకుని ఆ ఇంట్లోనే ఉంటే మాత్రం సాగేది. ఈ నిబంధన పంజాబ్, హర్యానా పల్లెల ఆచారం చూసి రాసింది. అక్కడ అన్న పోతే వదిన మీద మరిది దుప్పటి కప్పి ఏలుకోవడం పాత మర్యాద, పొలం చీలకుండా ఉండే ఉపాయం. మన ఇళ్లలో వదిన తల్లితో సమానం అని పెంచుతారు. ఆ మాట మీద పెరిగిన మరిది ఆమె మొహం ఎలా చూస్తాడు? రికార్డు ఆఫీసులో ఉన్నప్పుడు ఒక తెలుగు అమ్మాయి ఉత్తరం నా బల్ల మీదికి వచ్చింది. ఇరవై మూడేళ్లుంటాయేమో. పుట్టింటివాళ్లు సంబంధం చూశారు, పింఛను పోతుందంటున్నారు, నిజమేనా అని అడిగింది. నిబంధన ఏముందో అదే జవాబుగా టైపు చేసి పంపాను. ఆమె ఏం చేసిందో నాకు తెలియదు. ఆ ఉత్తరంలో అక్షరాలు ఇప్పటికీ గుర్తున్నాయి, గుండ్రంగా, బడిపిల్ల రాసినట్టు. నిబంధనలు తరువాత ఒక్కొక్కటిగా సడలాయి. శౌర్య పతకాలకు ఇచ్చే నెలభత్యం విషయంలో మాత్రం భర్త సోదరుడినే చేసుకోవాలన్న షరతు 2017 నవంబరు దాకా బతికే ఉంది.

కోర్టులు చేసిన మేలు నేను మరిచిపోను. 1982 డిసెంబరు 17న నకారా కేసులో సుప్రీంకోర్టు, పింఛను ప్రభుత్వం దయతలచి వేసే భిక్ష కాదు, చేసిన సేవకు దక్కే హక్కు అని తేల్చింది. ఆ రోజును ఇప్పటికీ పింఛనుదార్ల దినంగా జరుపుకుంటారు. నకారా రక్షణ శాఖలో ఆర్థిక సలహాదారుగా రిటైరైన మనిషి. ఆయనతో కలిసి అర్జీ వేసినవాళ్లలో సైన్యం నుంచి దిగిన అధికారి కూడా ఉన్నారు. 2013లో ధరమ్‌వీర్ సింగ్ కేసు మా రికార్డు గుమాస్తాలందరం గోడకు అంటించుకోవలసిన తీర్పు. చేరినప్పుడు ఒంట్లో ఏ జబ్బూ రాయకపోతే, తరువాత వచ్చిన జబ్బు సేవ వల్ల వచ్చిందనే అనుకోవాలి, కాదని నిరూపించవలసింది సైన్యమే అన్నారు. డాక్టర్ల బోర్డు ఒక్క గీత గీసి 60ని 30 చేసే అలవాటుకు అది అడ్డం పడింది.

వన్ ర్యాంక్ వన్ పెన్షన్ గురించి పత్రికల్లో చాలా వచ్చింది కాబట్టి ఇక్కడ రెండు మాటలతో సరిపెడతాను. ఒకే హోదా, ఒకే సేవ, కానీ ముందు దిగినవాడికి తక్కువ, తరువాత దిగినవాడికి ఎక్కువ. ఇదీ తగువు. 2011లో కోశ్యారీ కమిటీ న్యాయమేనంది, 2015లో జంతర్ మంతర్ దగ్గర ముసలి సైనికులు నెలల తరబడి కూర్చున్నారు, ఆ నవంబరులో ఉత్తర్వు వచ్చింది, 2014 జూలై 1 నుంచి లెక్క కట్టారు. మా అరుగు మీదికి వచ్చే ఆడవాళ్లకు దీనివల్ల బకాయిలు వచ్చాయి. అంతకంటే వాళ్లకు ఎక్కువ ఉపయోగపడ్డ మార్పు 2012లో వచ్చింది, దాని గురించి ఎవరూ పెద్దగా రాయలేదు. సైన్యం నుంచి దిగి ఆర్టీసీలోనో బ్యాంకులోనో రెండో కొలువు చేసినవాడు పోతే, అంతకుముందు భార్య రెండింటిలో ఒక పింఛనే ఎంచుకోవాలి. ఆ సెప్టెంబరు నుంచి రెండూ తీసుకోవచ్చు. మా మండలంలో ఈ సంగతి తెలియక ఊరుకున్న ఆడవాళ్లు ఇంకా దొరుకుతూనే ఉన్నారు.

నిబంధన ఎంత మంచిదైనా కాగితం మీద పేరు సరిపోకపోతే అది ఇంటికి చేరదు. మన తెలుగువాళ్లకు ఈ బాధ ఎక్కువ. ఇంటిపేరు ముందు రాస్తాం, హిందీ గుమాస్తా దాన్ని సొంత పేరనుకుంటాడు. పుట్టింట్లో పోలమ్మ, పెళ్లిలో పైడమ్మ, రేషన్ కార్డులో పైడితల్లి, ఆధార్‌లో పైడి. జవాను పెళ్లి చేసుకుని సెలవు అయిపోయి పటాలానికి పోతాడు, పెళ్లి సంగతి పార్ట్ టూ ఆర్డర్‌లో ఎక్కించుకోడు. బిడ్డ పుడితే మిఠాయి పంచుతాడు గానీ కాగితం ఇవ్వడు. ముప్ఫై ఏళ్ల తరువాత ఆయన పోయిన వారానికి ఆ ఆడమనిషి తాను ఆయన భార్యనని తహశీల్దారు దగ్గర, నోటరీ దగ్గర, బ్యాంకు దగ్గర రుజువు చేసుకుంటూ తిరగాలి. దిగిపోయేటప్పుడు దంపతులిద్దరూ కలిసి తీయించుకున్న ఫొటో ఒక్కటి సరిగా అంటించి ఉంటే సగం కష్టం తీరుతుంది. ఇప్పుడు అంతా స్పర్శ్ అనే కంప్యూటర్ పద్ధతిలోకి వచ్చింది. ఏడాదికోసారి బతికే ఉన్నానని వేలిముద్ర వేయాలి. జీడిగింజలు ఒలిచి ఒలిచి, నాట్లు వేసి వేసి అరిగిన వేళ్లను ఆ యంత్రం గుర్తుపట్టదు. అలాంటప్పుడు కనుపాపతోనో ముఖంతోనో చేయించవచ్చని చెప్పేవాళ్లు దగ్గర ఉండాలి.

2020 జూన్‌లో గల్వాన్‌లో సూర్యాపేటకు చెందిన కర్నల్ సంతోష్‌బాబు పోయినప్పుడు తెలంగాణ ప్రభుత్వం 5 కోట్ల రూపాయలు, హైదరాబాద్‌లో ఇంటి స్థలం, ఆయన భార్యకు డిప్యూటీ కలెక్టర్ ఉద్యోగం ఇచ్చింది. ఎంతో గౌరవంగా ఇచ్చింది. నేను చప్పట్లు కొట్టాను. అదే ఏడాది మా వైపు ఒక హవల్దారు సేవలోనే జబ్బుపడి పోయాడు. ఆ ఇంటికి కలెక్టరు రాలేదు, టీవీ రాలేదు, ఆర్డినరీ లెక్క ఫారం వచ్చింది. అతని భార్యతో కూర్చుని, ఇది సేవ వల్ల వచ్చిన జబ్బేనని అప్పీలు రాశాం.

2022 జూన్‌లో వచ్చిన అగ్నిపథ్ నియామక పథకంతో ఈ పొడుగాటి కథలో కొత్త పేజీ మొదలైంది. అందులో చేరే అగ్నివీర్‌లకు నాలుగేళ్ల కొలువు. అందరిలో 25 శాతం మందిని ఉంచుకుంటారు. మిగతావాళ్లకు దిగేటప్పుడు సుమారు 11.71 లక్షలు ఇస్తారు, పింఛను ఉండదు. కొలువులో పోతే 48 లక్షల బీమా, సేవ కారణంగా పోతే మరో 44 లక్షలు. మొత్తాలు చిన్నవి కావు. కానీ నెలనెలా వచ్చే కుటుంబ పింఛను ఏ లెక్కలోనూ లేదు, శత్రువు తూటాకు పోయినా లేదు. 1946లో నాలుగైదేళ్ల సేవకు గ్రాట్యుటీ చేతిలో పెట్టి పంపిన రోజులు నాకు గుర్తొస్తున్నాయి. 2025 మేలో శ్రీ సత్యసాయి జిల్లా గోరంట్ల మండలం తండా కుర్రాడు అగ్నివీర్ మురళీ నాయక్ జమ్మూకాశ్మీర్ సరిహద్దులో కాల్పుల్లో అమరుడయ్యాడు. రాష్ట్ర ప్రభుత్వం 50 లక్షల రూపాయలు, 5 ఎకరాల పొలం, ఇంటి స్థలం, ఇంట్లో ఒకరికి ఉద్యోగం ప్రకటించింది. రాష్ట్రం చేయవలసింది చేసింది. అతని పక్కనే అదే మోర్చాలో పాత పద్ధతిలో చేరిన జవాను పోయి ఉంటే ఆ తల్లిదండ్రులకు జీవితాంతం నెల పింఛను హక్కుగా ఉండేది. ఒకే మోర్చాలో రెండు రకాల తల్లులు ఉండకూడదు. ఈ తేడాను సరిచేయాలని నేను మా మాజీ సైనికుల సంఘం తరఫున అర్జీల మీద అర్జీలు రాస్తున్నాను, రాస్తాను.

ఈలోగా సెలవుకు వచ్చిన అగ్నివీర్ కుర్రాళ్లను పట్టుకుని మా అరుగు మీద కూర్చోబెడుతున్నాను. అంతా పెళ్లికాని పిల్లలు. బీమా ఫారంలో నామినీ గడిలో అమ్మ పేరు ఎలా రాశావురా అని అడుగుతాను. ఇంగ్లీషులో రాసి చూపిస్తాడు. వెళ్లి మీ అమ్మ ఆధార్ కార్డు పట్టుకురా, ఒక్కో అక్షరం కలిపి చూద్దాం అంటాను. పదిమందిలో నలుగురైదుగురికి కలవడం లేదు. వాళ్లను ఆ సాయంత్రమే మీసేవకు పంపుతున్నాను.